యాభై సీసీ బండి మీద సైగాన్

హో చి మిన్ సిటీలో బైక్ అద్దెకివ్వడానికి షాపువాళ్ళు మనల్ని అడిగేవి రెండే. డబ్బులు, పాస్‌పోర్టు. లైసెన్సు అడగరు. అడగలేదు కాబట్టి అవసరం లేదనుకుని తాళం తీసుకుని బయల్దేరే మనవాళ్ళు బోలెడుమంది. రీల్స్‌లో చూసే ఉంటారు. వెనకాల పాట, చుట్టూ వందల బండ్లు, కింద "ఐదొందలకే రోజంతా బైక్" అని క్యాప్షన్. ఆ ఐదొందల లెక్క నిజమే. మిగతా లెక్క రీల్‌లో ఉండదు.

ఆ మిగతా లెక్కేంటో, అది తెలుసుకుని బండెక్కితే ఆ ఊరు ఎలా కనిపించిందో చెబుదామనే ఇది రాస్తున్నా.

మన కార్డు అక్కడ ఎందుకు చెల్లదు?

విదేశాల్లో బండి నడపాలంటే ఆర్టీఏ ఆఫీసులో ఐడీపీ, అంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలని మనందరికీ తెలుసు. నేనూ అదే అనుకున్నా. అప్లై చేసే ముందు ఒకసారి రూల్స్ చదువుదామని కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. మన దేశం ఐడీపీ ఇచ్చేది 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం. వియత్నాం 2014లో చేరింది 1968 నాటి వియన్నా ఒప్పందంలో. అక్కడ గుర్తించేది ఆ రెండో ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లనే. పేరు ఒకటే, పుస్తకమూ చూడ్డానికి దాదాపు ఒకలాగే ఉంటుంది. కానీ మనది పాత వెర్షన్, వాళ్ళ సిస్టమ్ దాన్ని తీసుకోదు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే వెర్షన్ మిస్‌మ్యాచ్.

అంటే జేబులో ఇండియన్ లైసెన్సు, దాంతోపాటు ఐడీపీ ఉన్నా, సైగాన్‌లో 110 సీసీ స్కూటర్ ఎక్కిన మరుక్షణం చట్టం దృష్టిలో మనం లైసెన్సు లేనివాళ్ళమే. 2025 జనవరి 1 నుంచి అక్కడ జరిమానాలు బాగా పెంచారు. 125 సీసీ లోపు బండిని లైసెన్సు లేకుండా నడిపితే 20 లక్షల నుంచి 40 లక్షల డాంగ్‌లు. కంగారుపడకండి, మన డబ్బుల్లో 7 వేల నుంచి 14 వేలు. రెడ్ సిగ్నల్ దాటితే 40 నుంచి 60 లక్షల డాంగ్‌లు. అంతకుముందు దానికి పది లక్షలు కూడా దాటేది కాదు. ఇక మందు సంగతి. మన దగ్గర ఉన్నట్టు "ఇంత వరకు పర్లేదు" అనే పరిమితి అక్కడ లేదు. ఒక్క బీరు తాగినా తప్పే.

ఇదంతా చదివాక బైక్ ఆలోచన పక్కన పెట్టేద్దామనుకున్నా. ఇంకాస్త కిందకి వెళ్తే దారి దొరికింది. వియత్నాం చట్టంలో 50 సీసీ లోపు ఇంజిన్ ఉన్న బండి, లేదా 4 కిలోవాట్ల లోపు మోటార్ ఉన్న ఎలక్ట్రిక్ బండి వేరే తరగతి కిందికి వస్తాయి. వాటికి పదహారేళ్ళు నిండితే చాలు, లైసెన్సు అక్కర్లేదు. కాకపోతే గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. అక్కడ హైస్కూల్ పిల్లలు బడికెళ్ళేది వీటి మీదే.

సరే, స్కూల్ పిల్లల బండే తీసుకుందాం అని ఫిక్సయిపోయా.

హాస్టల్‌లో తమ్ముడు

దిగిన రోజు రాత్రి, నేనున్న హాస్టల్ కిందున్న టీ బల్ల దగ్గర ఒకబ్బాయి కనిపించాడు. ఎడమ చేతికి కట్టు, మోకాలి మీద ఎండిన గాయాలు. ఫోన్లో "లేదమ్మా, తింటున్నా, నొప్పి తగ్గింది" అంటుంటే తెలుగువాడని అర్థమైంది. ఫోన్ పెట్టేశాక పలకరించా. గుంటూరు. బెంగళూరులో ఉద్యోగం, ఏడాదిన్నర అయ్యింది చేరి. ఇద్దరు ఫ్రెండ్స్‌తో వచ్చాడు. మిగతా ఇద్దరూ సెలవు అయిపోయి వెళ్ళిపోయారు. వీడు మాత్రం డాక్టరు విమానం ఎక్కొచ్చని చెప్పేదాకా ఆగాడు.

"నాలుగో రోజు పొద్దున్నే ఖాళీ రోడ్డు అన్నా. ఒక్క బండి లేదు. సందులోంచి బయటికొచ్చి అలవాటుగా ఎడమ పక్కకి తిరిగిపోయా. ఎదురుగా వ్యాన్" అన్నాడు.

వ్యాన్ డ్రైవర్ బ్రేకు వేశాడు కాబట్టి చేతితో పోయింది. సర్జరీ చేసి ప్లేటు వేశారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది. క్లెయిమ్ పెడితే కంపెనీవాళ్ళు అడిగిన మొదటి కాగితం, ఆ దేశంలో చెల్లే లైసెన్సు. అది లేదు. పాలసీలో పదకొండో పేజీలో ఆ షరతు ఉందట, మెయిల్‌లో ఎర్ర గీత పెట్టి మరీ పంపారు.

"నాన్న ఎఫ్‌డీ తీశారన్నా. అక్క పెళ్ళికని వేసింది" అని, చేతిలో గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు. నాకేం మాట్లాడాలో తోచలేదు. ఇంకో టీ చెప్పా.

పోలీసులు పట్టుకుంటారా లేదా అన్నదే పెద్ద ప్రశ్న అన్నట్టు మనం మాట్లాడుకుంటాం. ఫేస్‌బుక్ గ్రూపుల్లోనూ అదే చర్చ. "నేను పది రోజులు తిరిగా బ్రో, ఎవరూ ఆపలేదు" అంటాడొకడు. ఆపకపోవచ్చు, చాలామందిని ఆపరు కూడా. అయితే పడితే ఎవరు కడతారు? మన బండి ఒక ముసలాయనకి తగిలితే ఎవరు కడతారు? ఆ ప్రశ్నకి జవాబు లేకుండా తాళం తీసుకుంటే, మన ఇంట్లో ఎవరిదో ఎఫ్‌డీ మీద పందెం కాస్తున్నట్టే.

"స్కూల్ బైక్, వెరీ స్లో"

మర్నాడు పొద్దున షాపుకెళ్ళా. ఓనరమ్మకి నలభై దాటి ఉంటాయి. ముందు వరసలో మెరుస్తున్న 125 సీసీ స్కూటర్లు చూపించింది. రోజుకి లక్షా యాభై వేల డాంగ్‌లు, అంటే మన ఐదొందలు. "లైసెన్సు లేదు కదా" అంటే చెయ్యి ఊపేసి "నో ప్రాబ్లం, నో ప్రాబ్లం" అంది. 50 సీసీ కావాలన్నా. నన్ను కింది నుంచి పైదాకా చూసి నవ్వి, "స్కూల్ బైక్! వెరీ స్లో!" అంటూనే వెనకాల మూల నుంచి ఒకటి తీయించింది. లేత నీలం రంగు, ముందు చిన్న బుట్ట. రోజుకి లక్షా ఇరవై వేలు, అంటే నాలుగొందలు.

పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంది. పెట్టలేదు. పరాయి దేశంలో మనకున్న అసలైన గుర్తింపు అదొక్కటే. బండి మీద గీత పడిందని రేపు పేచీ పెడితే, పాస్‌పోర్టు వాళ్ళ డ్రాయర్లో ఉన్నప్పుడు మనం గట్టిగా మాట్లాడలేం. బదులుగా 20 లక్షల డాంగ్‌లు డిపాజిట్ ఇస్తానన్నా, ఒప్పుకుంది. ఆమె ముందే బండి చుట్టూ తిరిగి వీడియో తీసుకున్నా. బండి రిజిస్ట్రేషన్ కార్డు, ఇన్సూరెన్స్ కాగితం సీటు కింద ఉన్నాయో లేదో చూసుకున్నా. రెండు బ్రేకులు, హారన్, ఇండికేటర్లు నొక్కి చూశా. ఆమె ఇచ్చిన హెల్మెట్ టోపీ అంత పల్చగా ఉంది. వియత్నాంలో 2007 డిసెంబర్ 15 నుంచి బండెక్కిన ప్రతివాళ్ళకీ హెల్మెట్ తప్పనిసరి. నెత్తి మీద హెల్మెట్ లేనివాళ్ళు అక్కడ అరుదే, కాకపోతే చాలామందివి ఈ పల్చటివే. కొంచెం మందంగా ఉన్నది వెతికించి తీసుకున్నా.

కుడి పక్క లేన్

మనకి ఎడమ, వాళ్ళకి కుడి. దీనికి అలవాటు పడటం కష్టమేమో అనుకున్నా. నిజానికి రద్దీలో అస్సలు కష్టం కాదు. చుట్టూ యాభై బండ్లు ఒకవైపుకి వెళ్తుంటే మనం తప్పు పక్కకి వెళ్ళాలన్నా వెళ్ళలేం. ఇబ్బందంతా గుంటూరు తమ్ముడు చెప్పినట్టు ఖాళీ రోడ్డు మీదే. పొద్దున్నే బయల్దేరినప్పుడు, టీ తాగి మళ్ళీ బండెక్కినప్పుడు, సందులోంచి మెయిన్ రోడ్డులోకి వచ్చినప్పుడు. చూసి వెంబడించడానికి ఎవరూ లేనప్పుడు చేతులు వాటికి తెలిసిన పక్కకే తిప్పేస్తాయి. అందుకని బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ "కుడి" అని పైకి అనుకునేవాణ్ణి. పక్కన ఎవరైనా వింటే నాకు పిచ్చనుకుని ఉంటారు.

ఇక ఆ రద్దీ. ఈ ఊళ్ళో 70 లక్షలకు పైగా టూ వీలర్లున్నాయి. సాయంత్రం ఆరింటికి పెద్ద సర్కిల్ దగ్గర నిలబడి చూస్తే, ఇందులోకి దిగడం మన వల్ల కాదనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఆరేళ్ళు బండి నడిపినవాణ్ణి నేను. అమీర్‌పేట చూసినవాణ్ణి. అయినా మొదటి రోజు నా అలవాట్లు పెద్దగా పనికిరాలేదు.

మన దగ్గర బండి నడపడమంటే ఖాళీ వెతుక్కోవడం. దొరికితే దూరిపోవడం, ఎదుటివాడు దూరకముందే. అక్కడ అందరూ చూసేది ముందుకే. నీ ముందున్నవాడికి నువ్వు తగలకూడదు, నీ వెనకున్నవాడి సంగతి వాడు చూసుకుంటాడు. ఈ ఒక్క సూత్రం మీద అంత గుంపూ కదులుతుంది. కాబట్టి చెయ్యకూడనివి రెండు. ఉన్నట్టుండి బ్రేకు వేయడం, ఉన్నట్టుండి పక్కకి తిరగడం. ఎటు వెళ్ళాలన్నా నెమ్మదిగా, ముందు నుంచీ, అందరికీ అర్థమయ్యేలా జరుగుతూ పోవాలి. రోడ్డు దాటే మనుషులూ అంతే. ఆగరు, పరిగెత్తరు. ఒకే వేగంతో నడుచుకుంటూ పోతారు, బండ్లు వాళ్ళ చుట్టూ తిరిగి పోతాయి. మధ్యలో భయపడి వెనక్కి దూకినవాళ్ళకే ప్రమాదం.

ఇదంతా విని అదేదో అద్భుతమైన ట్రాఫిక్ అనుకోకండి. 2024లో వియత్నాం రోడ్ల మీద పది వేల మందికి పైగా చనిపోయారు. కాకపోతే ఆ గుంపులో బతకాలంటే తెలివికన్నా నిలకడ ముఖ్యమని నాకర్థమైంది. దానికి నా స్కూల్ బండి సరిగ్గా సరిపోయింది. గబుక్కున దూరిపోదామన్నా దానికి ఓపిక లేదు కదా!

పైగా నలభై దాటని బండి ఎప్పుడూ కుడి అంచు లేన్‌లోనే ఉండాలి. మొదట్లో చిన్నతనంగా అనిపించింది. సిగ్నల్ దగ్గర నాలాంటి బండే వేసుకుని ఒక స్కూలమ్మాయి ఆగింది. వీపున బ్యాగు, తెల్లటి యూనిఫామ్ ఆవ్ జాయ్. నన్నూ నా బండినీ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. గ్రీన్ పడగానే నన్ను దాటుకుని వెళ్ళిపోయింది కూడా.

గంట గడిచాక తెలిసింది, ఆ ఊరు బతికేది ఆ కుడి అంచులోనేనని. ఫుట్‌పాత్ మీద చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళు, వాటి మీద కూర్చుని ఐస్ కాఫీ తాగేవాళ్ళు. పంప్ ఒకటి, టబ్బులో నీళ్ళు పెట్టుకుని పంక్చర్లు వేసే తాతలు. గోడకి అద్దం తగిలించి కటింగ్ చేసే మంగలి. బండి ఆపకుండానే రొట్టె కొనుక్కునే ఉద్యోగులు. ఎండకి భయపడి ఒళ్ళంతా కప్పుకుని, కళ్ళు మాత్రం కనిపించేలా వెళ్ళే ఆడవాళ్ళు. సిగ్నల్ పడితే గీత దగ్గర ఎవరూ ఉండరు, ఇరవై అడుగుల వెనక చెట్టు నీడలో గుంపుగా ఉంటారు. కార్లో వెళ్ళినా, పెద్ద బండి మీద మధ్య లేన్‌లో దూసుకుపోయినా ఇవి కనపడవు. కనపడినా ఆగడానికుండదు.

ఫోల్డర్‌లో ఫోల్డర్

ఆ ఊరికి 1976లో హో చి మిన్ సిటీ అని పేరు మార్చారు. మామూలు మాటల్లో ఇప్పటికీ సైగానే. సైగాన్‌లో నాకు బాగా నచ్చినవి సందులు. వాళ్ళు హెమ్ అంటారు. అడ్రస్ 62/15/8 అని ఉందనుకోండి. రోడ్డు మీద 62 నంబరు దగ్గర సందులోకి తిరగాలి, అందులో 15 దగ్గర ఇంకో సందు, అందులో 8వ ఇల్లు. ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఫైల్. ఇంత చక్కటి అడ్రస్ పద్ధతి మా కాలనీలో ఉంటే డెలివరీ అబ్బాయికి నేను రోజూ "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లెఫ్ట్" అని చెప్పే బాధ తప్పేది.

కారు పట్టని ఆ సందుల్లోకి బండి దూరుతుంది. లోపల వేరే ఊరు. ఇళ్ళ తలుపులు తీసే ఉంటాయి, హాల్లో టీవీ పక్కనే బండి. గుమ్మాల ముందు కూరగాయలు తరుగుతూ కబుర్లు. ఇంజిన్ శబ్దం వినపడితే పిల్లలు పక్కకి జరుగుతారు, మనం కూడా నడక వేగానికి తగ్గాలి. అలాంటి ఒక హెమ్‌లో మధ్యాహ్నం భోజనానికి ఆగా. కమ్ తామ్ అంటే నూకలన్నం. ఒకప్పుడు మిల్లులో మిగిలిన నూకలు పేదవాళ్ళు వండుకునేవారు, ఇప్పుడది సైగాన్‌కి గుర్తింపు తెచ్చిన వంట. పైన బొగ్గుల మీద కాల్చిన పంది మాంసం వేసిస్తారు. మా అమ్మమ్మ జ్వరమొస్తే నూకలు జావ కాచేది, బియ్యం లోటున్న రోజుల్లో అన్నంగానూ వండేదట. ఆ గిన్నె చూసి వీడియో కాల్ చేస్తే, "డబ్బులు పోసి అంత దూరం వెళ్ళి నూకలు తింటున్నావా!" అంది.

మాంసం తిననివాళ్ళు "చాయ్" అని రాసున్న చోట ఆగండి. అది టీ కాదు, వాళ్ళ భాషలో శాకాహారం. పౌర్ణమికి, చాంద్రమాన నెల మొదటి రోజుకి అక్కడ చాలామంది మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో ఈ హోటళ్ళు కిటకిటలాడతాయి.

బండి ఎక్కడ ఆపాలన్నది ఇంకో సంగతి. రోడ్డు పక్కన వదిలేసి వెళ్ళకూడదు. మార్కెట్ల దగ్గర, హోటళ్ళ ముందు బండ్లు కాపలా కాసేవాళ్ళుంటారు. ఐదు వేల డాంగ్‌లు తీసుకుని చీటీ ఇస్తారు. ఒకాయన నా సీటు మీద సుద్దముక్కతో నంబరు రాసి, అదే నంబరున్న చీటీ చేతిలో పెట్టాడు. అది పోగొట్టుకుంటే బండి మనదేనని నిరూపించుకోవడం పెద్ద తతంగం. ఫోన్ విషయంలోనూ జాగ్రత్త. చేత్తో పట్టుకుని మ్యాప్ చూస్తూ రోడ్డంచున నిలబడితే, పక్క నుంచి బండి మీద పోతూ లాక్కెళ్ళేవాళ్ళున్నారు. దారి చూసుకోవాలంటే లోపలికి, ఏదైనా కాఫీ కొట్టు దగ్గరికెళ్ళి ఆగడం మంచిది.

ఒక కూడలి, ఒక గుడి

రెండో రోజు పెద్దగా ప్లాన్ లేకుండా తిరిగా. 1891లో పూర్తయిన పసుపు రంగు పోస్టాఫీసు చూసి, అక్కడి నుంచి పడమరగా వెళ్తుంటే ఒక కూడలి వచ్చింది. మామూలు సిగ్నల్, మామూలు రద్దీ. మూల మీద చిన్న పార్కు, అందులో మంటల మధ్య కూర్చున్న బౌద్ధ భిక్షువు విగ్రహం. 1963 జూన్ 11న తిక్ క్వాంగ్ డుక్ అనే భిక్షువు ఈ కూడలిలోనే ఒంటికి నిప్పంటించుకున్నారు. బౌద్ధులను అణచివేస్తున్న అప్పటి ప్రభుత్వానికి నిరసనగా. ఆ ఫొటో మనలో చాలామంది ఎక్కడో ఒకచోట చూసే ఉంటాం. బండి పక్కకి ఆపి లోపలికెళ్ళా. పక్కనే ట్రాఫిక్ హోరు. ఒక డెలివరీ అబ్బాయి హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, మూడు అగరొత్తులు వెలిగించి, మూడుసార్లు వంగి, మళ్ళీ బండెక్కి వెళ్ళిపోయాడు. మొత్తం రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

అక్కడి నుంచి బెన్ తాన్ మార్కెట్ వైపు వస్తుంటే త్రువాంగ్ దిన్ వీధిలో గోపురం కనిపించింది. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశా. మారియమ్మన్ గుడి. ఫ్రెంచివాళ్ళ కాలంలో తమిళనాడు నుంచి, పుదుచ్చేరి వైపు నుంచి వ్యాపారానికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు కట్టుకున్నది. ఆ కుటుంబాల్లో చాలామంది తర్వాత వెళ్ళిపోయారు. గుడి మాత్రం నడుస్తోంది, ఎక్కువగా వియత్నామీలతో. నేనున్నంతసేపూ లోపల నేనొక్కణ్ణే ఇండియన్. ఒక పెద్దావిడ గోడకి నుదురు ఆనించి అమ్మవారికి ఏదో చెప్పుకుంటోంది, వాళ్ళ భాషలోనే. బయటికొచ్చాక నా బుట్ట బండిని చూపించి ఏదో అంది. అర్థం కాలేదు. నవ్వింది కాబట్టి మంచి మాటే అయ్యుంటుంది.

సాయంత్రం వాన. మే నుంచి నవంబర్ దాకా అక్కడ మధ్యాహ్నమో సాయంత్రమో ఒక జల్లు గ్యారంటీ. మొదటి చినుకులు పడగానే వీధి వీధంతా ఒక్కసారిగా అంచుకి జరిగింది. ఒక్క నిమిషంలో అందరి ఒంటి మీదా రంగురంగుల రెయిన్‌కోట్లు. కొన్నిటికి తల పట్టే కన్నాలు రెండు, వెనక కూర్చున్నవాళ్ళకి కూడా. ముందు భాగంలో హెడ్‌లైట్ వెలుగు బయటికి రావడానికి పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క. ఎవరు డిజైన్ చేశారో కానీ దండం పెట్టాలి. నేనూ పక్కనున్న కొట్లో ఒకటి కొనుక్కుని తొడుక్కున్నా. ఆ వానలో, ఆ గుంపులో నేను టూరిస్టునని ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

చివరగా కొన్ని మాటలు

బండి నడపడం అలవాటు లేనివాళ్ళు అక్కడికెళ్ళి నేర్చుకోవద్దు. బైక్ ట్యాక్సీలు యాప్‌లో చిటికెలో వస్తాయి, చాలా చవక. వీధి చివర బండి పెట్టుకుని సవారీలు ఎక్కించుకునే పాతకాలం వాళ్ళూ ఇంకా ఉన్నారు. వాళ్ళని సే ఓమ్ అంటారు, అంటే వాటేసుకునే బండి అని! వెనక కూర్చుని ఊరు చూడటం కూడా మంచి పద్ధతే. 2024 డిసెంబర్ నుంచి బెన్ తాన్ దగ్గర మెట్రో కూడా ఉంది.

నడపగలమనుకుంటే 50 సీసీ పెట్రోల్ బండో, 4 కిలోవాట్ల లోపు ఎలక్ట్రిక్ బండో అడగండి. కాగితాల మీద ఆ నంబరు మీ కళ్ళతో చూసుకోండి, షాపువాళ్ళ మాట మీద వదిలేయొద్దు. ఇన్సూరెన్స్ కొనేటప్పుడు బండి నడపడం గురించి ఏం రాశారో చదవండి. చిన్న బండికి కూడా కవరేజీ ఉందా అని కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. నేను పెట్టా. నాలుగు రోజుల తర్వాత జవాబొచ్చింది, ప్రింట్ తీసి బ్యాగులో వేసుకున్నా. నూటపాతిక సీసీ మీద తిరిగిన ఫ్రెండ్స్ వెక్కిరిస్తారు. వెక్కిరించనివ్వండి.

మూడో రోజు బండి ఇచ్చేశాక డిపాజిట్ లెక్కపెట్టి చేతిలో పెట్టింది ఓనరమ్మ. హాస్టల్‌కొచ్చేసరికి గుంటూరు తమ్ముడి మంచం ఖాళీగా ఉంది. ఫ్లయిట్‌కి వెళ్ళిపోయాడన్నారు. రెండు నెలల తర్వాత వాడి నుంచి మెసేజ్ వచ్చింది. "అన్నా, చెయ్యి బాగానే ఉంది. మా టీమ్‌లో నలుగురు సైగాన్ వెళ్తున్నారు. ఆ స్కూల్ బండి షాపు లొకేషన్ పంపవా?"

వెంటనే పంపా.